అట, ఆట, సైన్సు



తెలుగులో రెండక్షరాల చిన్న మాట ఒకటి ఉంది. అది ‘అట’. “మామయ్య వచ్చాడు” అంటే నేను కళ్లారా చూశానని అర్థం. “మామయ్య వచ్చాడట” అంటే ఎవరో చెబితే విన్నానని అర్థం. చివర ఒక్క ‘ట’ చేరగానే చూసిన సంగతి కాస్తా విన్న సంగతి అయిపోతుంది. మీ అమ్మమ్మో నానమ్మో ఫోనులో మాట్లాడుతున్నప్పుడు గమనించండి. “ఊళ్లో వానలు బాగా పడ్డాయట, చెరువు నిండిందట, పెద్దబావ కొత్త బండి కొన్నాడట” అంటారు. తాము చూడనిది చూసినట్టు చెప్పరు. బడికి వెళ్లి వ్యాకరణం చదువుకోకపోయినా ఆ తేడా వాళ్లకు బాగా తెలుసు.

మీ సైన్సు పుస్తకంలో ఈ ‘అట’ ఎక్కడా కనిపించదు. కానీ చాలా వాక్యాల చివర అది దాక్కుని ఉంటుంది. “నీరు 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మరుగుతుంది” అని పుస్తకం చెబుతుంది. నీళ్లు మరిగించి, అందులో థర్మామీటరు పెట్టి చూడనంతకాలం మీ వరకు ఆ వాక్యం “మరుగుతుందట” మాత్రమే. పరీక్షలో రాస్తే మార్కు వస్తుంది. అయినా అది మీరు విన్నదే గాని చూసింది కాదు.

చేత్తో చేసి నేర్చుకునే సైన్సు గురించి ఇప్పుడు అందరూ మాట్లాడుతున్నారు. 2020 జాతీయ విద్యావిధానం కూడా అనుభవం ద్వారా నేర్చుకోవాలనే చెప్పింది. నేను చెప్పేది తెలుగు పాఠం. సైన్సు టీచరును కాను. కానీ అనేక ఊళ్లలో, అనేక పాఠశాలల్లో పిల్లల పక్కన కూర్చున్నాను. చేత్తో చేసే సైన్సు అంటే ఏమిటని మీరు అడిగితే నా జవాబు ఒకటే: పుస్తకంలోని వాక్యం చివర దాక్కున్న ‘అట’ను ఒక్కొక్కటిగా తీసేసే పని. ‘అట’లోని అకారానికి దీర్ఘం ఇస్తే ‘ఆట’ అవుతుంది కదా! ఆ పని కూడా చాలావరకు ఆటలాగే ఉంటుంది. అయితే ఈ ఆటకు నియమాలున్నాయి. వాటి గురించే ఈ వ్యాసం.

ఒకే పుస్తకం, వేరు వేరు నేల

మన పిల్లలకు బదిలీ కొత్త కాదు. అమ్మకో నాన్నకో ఆర్డరు వస్తుంది. సామాను ట్రంకుల్లోకీ అట్టపెట్టెల్లోకీ వెళుతుంది. కొత్త ఊళ్లో కొత్త తరగతి గది, కొత్త బెంచీ. స్నేహితులు మాత్రం పాత ఊళ్లోనే ఉండిపోతారు. ఒక్క ఊరట ఏమిటంటే పుస్తకం మారదు. విశాఖపట్నంలో సగం చదివిన పాఠాన్ని షిల్లాంగులో మిగతా సగం చదవొచ్చు. అదే బొమ్మ, అదే పేజీ.

పుస్తకం మారదు గాని దాని కింద ఉన్న నేల మారుతుంది. నీళ్లు మరగడం విషయంలో అది బాగా తెలుస్తుంది.

నీళ్లు మరగడమంటే ఏమిటి? నీటి లోపల ఆవిరి బుడగలు పుట్టి పైకి రావడం. ఆ బుడగ నిలవాలంటే నీటి మీద నొక్కుతున్న గాలి బరువును అది లోపలి నుంచి ఎదుర్కోవాలి. సముద్రతీరంలో మన నెత్తిన ఉన్న గాలి ఎక్కువ, కాబట్టి ఒత్తిడీ ఎక్కువే. అక్కడ నీళ్లు 100 డిగ్రీల దాకా వేడెక్కితే గాని బుడగకు ఆ బలం రాదు. ఎత్తుకు వెళ్లేకొద్దీ పైన ఉండే గాలి తగ్గుతుంది, ఒత్తిడి తగ్గుతుంది, బుడగ పని తేలికవుతుంది. సుమారుగా ప్రతి 300 మీటర్ల ఎత్తుకు నీళ్లు మరిగే వేడి ఒక డిగ్రీ తగ్గుతుందని గుర్తుపెట్టుకోవచ్చు.

ఈ లెక్కన విశాఖ బీచి దగ్గర 100. సముద్రమట్టానికి 500 మీటర్లకు పైన ఉన్న హైదరాబాదులో సుమారు 98. దాదాపు 1,500 మీటర్ల ఎత్తున ఉన్న షిల్లాంగులో సుమారు 95. సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉన్న లేహ్‌లో 88 దగ్గరే నీళ్లు తెర్లుతాయి. అందుకే లేహ్‌లో మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినా పలుకు పలుకుగానే ఉంటుంది. నీళ్లు తెర్లుతూనే ఉంటాయి, కానీ వాటి వేడి 88 దాటదు. పొయ్యి మంట పెంచితే నీళ్లు త్వరగా ఆవిరైపోతాయే తప్ప వేడి పెరగదు. అక్కడ కుక్కరు లేని వంటిల్లు నడవడం కష్టం. కుక్కరు ఆవిరిని లోపలే బంధించి ఒత్తిడిని పెంచుతుంది. ఒత్తిడి పెరిగితే నీళ్లు మరిగే వేడీ పెరుగుతుంది, పప్పు మెత్తబడుతుంది.

నేను పనిచేసిన ఒక కొండ ఊరి పాఠశాలలో ఏడో తరగతి అమ్మాయి ఒకరోజు తన సైన్సు నోటుబుక్ పట్టుకుని నా దగ్గరకు వచ్చింది. ఆ ఏడాదే సముద్రతీరం నుంచి వచ్చిన పిల్ల. తెలుగులో మాట్లాడేందుకు ఆ బడిలో తనకు నేను తప్ప ఎవరూ లేరు. నోటుబుక్‌లో 95 అని రాసి, కొట్టేసి, మళ్లీ పక్కనే 95 అని రాసుకుంది. “మేడమ్, అందరూ 100 అని రాశారు. నాకు 95 దగ్గరే ఆగిపోయింది. నా థర్మామీటరు పాడైందా?” అని అడిగింది. మిగతా జట్ల థర్మామీటర్లు కూడా 95 దగ్గరే ఆగాయి. పుస్తకంలో 100 అని ఉంది కాబట్టి వాళ్లు 100 రాశారు. “నువ్వు చూసిందే రాయి. ఎందుకలా వచ్చిందో మీ సైన్సు సార్‌ని అడుగు” అన్నాను.

మర్నాడు ఆ సార్ అందరిచేతా మళ్లీ నీళ్లు మరిగించారు. ఈసారి థర్మామీటర్లు జట్టు నుంచి జట్టుకు మార్చారు. థర్మామీటరు కొస గిన్నె అడుగుకు తగలకుండా చూడమన్నారు. అన్ని జట్లకూ 95 చుట్టుపక్కలే వచ్చింది. “అయితే పుస్తకం తప్పా?” అని ఒక అబ్బాయి అడిగాడు. “పుస్తకం సముద్రమట్టం దగ్గర కూర్చుని రాసింది. మనం కొండ మీద కూర్చుని చదువుతున్నాం” అన్నారు సార్. ఆ తర్వాత గాలి ఒత్తిడి పాఠం చెప్పారు. జవాబు ముందే కళ్లతో చూశారు కాబట్టి పాఠం వాళ్లకు తేలిగ్గా ఎక్కింది.

ఆ తరగతిలో 100కూ 95కూ రెండింటికీ పరిచయమున్నది ఆ పిల్లకొక్కదానికే. రెండు ఊళ్లలో నీళ్లు మరగడం చూసింది తనే మరి. బదిలీ మీద వచ్చినవాళ్లకు పాఠాలు తప్పిపోతాయని, వెనకబడతారని అంటూంటారు. అది కొంత నిజమే. అయితే ఒకే ఊళ్లో పెరిగిన పిల్లలకు దొరకనిది మీకు దొరుకుతుంది. అది పోల్చి చూసే అవకాశం. సైన్సులో సగం పని పోల్చడమే.

హోషంగాబాదు పిల్లలు

పిల్లలే ప్రయోగం చేసి, పిల్లలే జవాబు రాయాలన్న ఆలోచన మన దేశంలో నిన్నా మొన్నా పుట్టింది కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాదు జిల్లాలో 16 మాధ్యమిక పాఠశాలల్లో ఒక కార్యక్రమం మొదలైంది. దాన్ని హోషంగాబాదు సైన్సు బోధన కార్యక్రమం అంటారు. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు స్వచ్ఛంద సంస్థలు దాన్ని ప్రారంభించాయి. 1978లో జిల్లాలోని మాధ్యమిక పాఠశాలలన్నిటికీ విస్తరించింది. 1982లో ఏర్పడిన ఏకలవ్య సంస్థ తర్వాత దాన్ని ముందుకు తీసుకెళ్లింది. అవన్నీ మామూలు సర్కారు బళ్లే. చాలా వాటికి ప్రయోగశాల గది కూడా లేదు. పిల్లలు నేల మీద కూర్చుని ప్రయోగాలు చేశారు.

వాళ్ల పుస్తకం పేరు ‘బాల్ వైజ్ఞానిక్’, అంటే బాల శాస్త్రవేత్త. అందులో ప్రయోగం ఎలా చేయాలో ఉండేది, ప్రశ్నలుండేవి, జవాబులు మాత్రం ఉండేవి కావు. పిల్లలు చిన్న చిన్న జట్లుగా కూర్చుని, కిట్టులోని సామాను తీసుకుని, చేసి, చూసి, వాదించుకుని, తమ మాటల్లో జవాబు రాసుకునేవారు. పరీక్షకు పుస్తకం తీసుకెళ్లొచ్చు. జవాబు అందులో ఉండదు కదా, చూసి రాసేదేముంది! చేతితో చేసి చూపించే పరీక్ష కూడా ఉండేది. ‘సవాలీరామ్’ అనే ఒక కల్పిత పాత్రకు పిల్లలు తమ ప్రశ్నలను ఉత్తరాలుగా రాసేవారు, జవాబులు వచ్చేవి. 2002లో రాష్ట్ర ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసింది. అప్పటికి 30 ఏళ్లపాటు పల్లెటూరి పిల్లలు వేలమంది ఆ పద్ధతిలో చదువుకున్నారు.

ఆ కార్యక్రమంలో పనిచేసినవారిలో అరవింద్ గుప్తా ఒకరు. కాన్పూరు ఐఐటీలో ఇంజనీరింగ్ చదివారు. ఉద్యోగానికి సెలవు పెట్టి హోషంగాబాదు వచ్చారు. ఖరీదైన పరికరాల బదులు సంతలో దొరికే వస్తువులతో బొమ్మలు చేయడం అక్కడే మొదలుపెట్టారు. 2018లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. ఆయన చేసిన తొలి నమూనాలు అగ్గిపుల్లలతోనూ సైకిలు వాల్వ్ ట్యూబుతోనూ చేసినవి. మీరూ ఇంట్లో చేయొచ్చు.

సైకిలు షాపులో వాల్వ్ ట్యూబు కొద్దిగా కొనుక్కోండి. సన్నటి నల్ల రబ్బరు గొట్టం అది. దాన్ని చిన్న ముక్కలుగా కోయండి. అగ్గిపుల్లల మందు గీకేసి, రబ్బరు ముక్కలతో ఒకదానికొకటి అతకండి. మూడు పుల్లలతో త్రిభుజం చేసి మూలల దగ్గర నొక్కండి. దాని ఆకారం మారదు. నాలుగు పుల్లలతో చతురస్రం చేసి నొక్కండి. పక్కకు ఒరిగిపోతుంది. ఇప్పుడు ఎదురెదురు మూలల మధ్య మరో పుల్ల బిగించండి. చతురస్రం కాస్త నలిగి రెండు త్రిభుజాలుగా మారుతుంది. ఇక కదలదు.

ఇది చేసిన తర్వాత రైలు ప్రయాణం మునుపటిలా ఉండదు. రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద రోడ్డు–రైలు వంతెన దాటేటప్పుడు కిటికీలోంచి ఇనప దూలాలు ఏటవాలుగా వరసగా వెనక్కి పోతుంటాయి. అవి త్రిభుజాలు. కరెంటు టవర్లలోనూ త్రిభుజాలే, రేకుల షెడ్డు కప్పు కిందా త్రిభుజాలే. ఎందుకో మీ వేళ్లకు తెలుసు.

పట్టుకునేదెవరు, రాసేదెవరు

ఇప్పుడు మీ వైపు నుంచి ఒక మాట. ప్రయోగం పీరియడు అని టైంటేబుల్లో ఉన్నంత మాత్రాన ప్రయోగం మీకు దక్కుతుందని లేదు. టీచరు ముందు బల్ల దగ్గర చేసి చూపిస్తే మొదటి రెండు బెంచీలకు కనిపిస్తుంది. వెనక బెంచీకి ముందువాళ్ల తలలు కనిపిస్తాయి. జట్లుగా చేయిస్తే జట్టులో చురుకైన ఒకరు పరికరం అందుకుంటారు, మిగతావాళ్లు చూస్తారు. చాలా జట్లలో పరికరం అబ్బాయి చేతిలో, పెన్ను అమ్మాయి చేతిలో ఉండడం చూశాను. అమ్మాయి చేతిరాత బాగుంటుందని కారణం చెబుతారు. ఏడాది గడిచేసరికి ఆ అమ్మాయికి చక్కటి రికార్డు పుస్తకం మిగులుతుంది గాని స్క్రూడ్రైవరు ఎటు తిప్పాలో తెలియదు. అబ్బాయికి సామాను పట్టుకోవడం వస్తుంది గాని చూసింది రాయడం రాదు. ఇద్దరూ నష్టపోయినట్టే.

కొత్తగా వచ్చిన పిల్లల సంగతి మరీ కష్టం. జట్లు అప్పటికే కుదిరిపోయి ఉంటాయి. వాళ్లు ఏదో ఒక జట్టు పక్కన నిలబడి తొంగి చూస్తారు. బడిలో మాట్లాడే భాష ఇంకా నోటికి అలవాటై ఉండదు, అడగడానికి బిడియం.

దీనికి మందు తేలికే. నలుగురి జట్టులో నాలుగు పనులుంటాయి: సామాను పట్టుకునేవారు, కొలిచేవారు, రాసేవారు, “ఎందుకలా? మళ్లీ చేద్దామా?” అని అడిగేవారు. ప్రతి ప్రయోగానికీ పనులు మార్చుకోండి. కొత్తగా వచ్చినవారికి మొదటి రోజే కొలిచే పని ఇవ్వండి. స్కేలు మీద అంకె చదవడానికి భాష అంతగా అక్కర్లేదు. ఆ అంకె అందరికీ కావాలి కాబట్టి అందరూ వాళ్ల వైపు తిరుగుతారు. కొత్త తరగతిలో మాట కలవడానికి అంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు.

ఈ ఆటకు మూడు నియమాలున్నాయి. ఒకటి, చేయడానికి ముందే ఏం జరుగుతుందనుకుంటున్నారో రాసుకోవాలి. లేకపోతే జరిగిన తర్వాత “నాకు ముందే తెలుసు” అనిపిస్తుంది. రెండు, ఒకసారికి ఒక్కటే మార్చాలి. మొలకల ప్రయోగంలో ఒక గిన్నెను చీకట్లో పెట్టి, దానికి నీళ్లూ తక్కువ పోస్తే, మొక్క పాలిపోయింది చీకటివల్లో నీళ్లవల్లో చెప్పలేం. మూడు, వచ్చిన అంకెనే రాయాలి. రావలసిన అంకెను కాదు.

ఒక కర్ర, ఒక నీడ

బదిలీల పిల్లలకు నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. దీనికి కావలసింది ఒక మీటరు కర్ర, ఒక స్కేలు లేక టేపు, సుద్దముక్క, ఎండ. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడకండి. మనకు కావలసింది నీడే.

డాబా మీదో గ్రౌండులోనో చదునైన చోట కర్రను నిటారుగా నిలపండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిటారుగా ఉందో లేదో తెలుస్తుంది. ఉదయం 10:30 నుంచి మధ్యాహ్నం 1:30 దాకా ప్రతి పది నిమిషాలకూ నీడ కొస దగ్గర సుద్దతో గుర్తు పెట్టి, పొడవు కొలిచి, టైము రాయండి. నీడ తగ్గుతూ తగ్గుతూ వచ్చి మళ్లీ పెరగడం మొదలుపెడుతుంది. అన్నిటికంటే పొట్టి నీడ పడిన సమయమే మీ ఊరి అసలు మధ్యాహ్నం.

అది సరిగ్గా 12 గంటలకు రాదని మీరే కనిపెడతారు. దేశమంతటికీ ఒకే గడియారం. అది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా వెళుతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. అస్సాంలోని డిబ్రూగఢ్ ఆ రేఖకు 12 డిగ్రీలకు పైగా తూర్పున ఉంది. అక్కడ అసలు మధ్యాహ్నం సగటున 11:10 ప్రాంతంలో వస్తుంది. గుజరాత్‌లోని జామ్‌నగర్ అంతే దూరం పడమరన ఉంది. అక్కడ 12:50 ప్రాంతంలో వస్తుంది. ఏడాదిలో కాలాన్ని బట్టి ఇది ఓ పావుగంట అటూ ఇటూ జరుగుతుంది. ఈ రెండు ఊళ్ల మధ్య గంటా నలభై నిమిషాల తేడా. జామ్‌నగర్ నుంచి డిబ్రూగఢ్ బదిలీ అయిన పిల్లకు సాయంత్రం ఆడుకునే వేళకే చీకటి పడుతోందని దిగులు కలిగితే, దానికి కారణం ఈ కర్ర నీడ చెబుతుంది.

పొట్టి నీడ పొడవు కూడా ఊరిని బట్టి మారుతుంది. పగలూ రాత్రీ దాదాపు సమానంగా ఉండే మార్చి 21, సెప్టెంబరు 23 ప్రాంతంలో మీటరు కర్రకు తిరువనంతపురంలో సుమారు 15 సెంటీమీటర్ల నీడ పడుతుంది. హైదరాబాదులో 31, ఢిల్లీలో 54 లేక 55, లేహ్‌లో 68 వస్తాయి. ఉత్తరానికి పోయేకొద్దీ నీడ పెరుగుతోంది. భూమి బల్లపరుపుగా ఉంటే, అంత దూరాన ఉన్న సూర్యుడి వల్ల అన్ని ఊళ్లలోనూ ఒకే నీడ పడాలి కదా! భూమి గుండ్రంగా ఉందనడానికి మీ స్కేలే సాక్ష్యం.

ఇంకో వింత. హైదరాబాదులో మే 9 ప్రాంతంలోనూ ఆగస్టు 3 ప్రాంతంలోనూ అసలు మధ్యాహ్నం వేళ నిటారు కర్రకు నీడే ఉండదు. ఢిల్లీ కర్కటక రేఖకు ఉత్తరాన ఉంది కాబట్టి అక్కడ అలాంటి రోజు ఎప్పటికీ రాదు.

ఇక ఈ ప్రయోగాన్ని స్నేహితులతో కలిసి చేయండి. మీరు ఢిల్లీకి వచ్చేశారు, మీ స్నేహితురాలు హైదరాబాదులో ఉండిపోయింది అనుకుందాం. ఇద్దరూ ఒకే రోజు, ఎవరి అసలు మధ్యాహ్నానికి వాళ్లు, మీటరు కర్ర నీడ కొలవండి. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ లోపల చేయండి. మే నుంచి జులై దాకా హైదరాబాదులో నీడ దక్షిణం వైపు పడుతుంది, లెక్క తికమకవుతుంది. తర్వాత కాగితం మీద 10 సెంటీమీటర్ల నిలువు గీతను కర్ర అనుకోండి. అదే కొలతలో నీడను అడ్డంగా గీయండి. కర్ర పై కొసనూ నీడ కొసనూ కలపండి. కర్ర పై కొస దగ్గర ఏర్పడిన కోణాన్ని కోణమానినితో కొలవండి. మార్చి 21న అయితే మీకు 28 లేక 29, ఆమెకు 17 లేక 18 డిగ్రీలు రావాలి. వేరే రోజున రెండు కోణాలూ మారతాయి గాని వాటి తేడా మారదు. తేడా సుమారు 11 డిగ్రీలు.

ఢిల్లీ, హైదరాబాదు దాదాపు ఒకే ఉత్తర–దక్షిణ గీత మీద ఉన్నాయి. వాటి మధ్య తిన్నని దూరం సుమారు 1,250 కిలోమీటర్లు. 11 డిగ్రీలకు 1,250 కిలోమీటర్లయితే భూమి చుట్టూ 360 డిగ్రీలకు ఎంత? దాదాపు 41,000 వస్తుంది. అసలు చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. మీ కొలతలో ఒక డిగ్రీ పొరపాటు వస్తే జవాబు మూడు నాలుగు వేల కిలోమీటర్లు మారుతుంది. జాగ్రత్తగా కొలవడం ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. సుమారు 2,200 ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ అనే ఆయన అలెగ్జాండ్రియా, సైయీన్ అనే రెండు ఊళ్ల నీడలతో ఇదే లెక్క వేశాడు. ఒక ఊళ్లో నిలబడి ఈ లెక్క ఎవరూ వేయలేరు. దీనికి రెండు ఊళ్లు కావాలి, రెండో ఊళ్లో నమ్మకంగా కొలిచే మనిషి కావాలి. మీకు అలాంటి స్నేహితులు మూడు నాలుగు ఊళ్లలో ఉన్నారు!

తీయలేని ‘అట’

అన్ని ‘అట’లనూ మన చేత్తో తీసేయగలమా? లేదు. సూర్యుడు భూమికి సుమారు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. టేపు పట్టుకుని వెళ్లలేం. పరమాణువును మన బడి మైక్రోస్కోపుతో చూడలేం. కొన్నిటిని చేసి చూడనే కూడదు. విషమో కాదో నాలుకతో తేల్చుకోం, కరెంటు ప్లగ్గులో వేలు పెట్టి పరీక్షించం. అక్కడ చూసినవాళ్ల మాట మీద ఆధారపడాల్సిందే.

అయితే ‘అట’ల్లోనూ రకాలున్నాయి. “ఎవరు కొలిచారు? ఎలా కొలిచారు? వేరేవాళ్లు కొలిచినా అంతే వచ్చిందా?” అని అడిగితే జవాబున్న ‘అట’ ఒకటి. ఆ ప్రశ్నలు అడగ్గానే ముఖం చాటేసే ‘అట’ మరొకటి. ఫోనులో రోజూ వచ్చి పడే సందేశాల్లో రెండో రకమే ఎక్కువ. నీళ్లు మరిగించి, నీడ కొలిచి, తన అంకెను స్నేహితుల అంకెతో పోల్చి చూసిన పిల్లలకు ఈ తేడా త్వరగా తెలుస్తుంది. ఒక అంకె వెనక ఎంత పని ఉంటుందో వాళ్లకు తెలుసు కనుక. చేత్తో చేసే సైన్సు వల్ల కలిగే పెద్ద మేలు ఇదేనని నేననుకుంటాను.

మూడు గడుల నోటుబుక్

చివరగా ఒక పని చెబుతాను. ఒక పాత నోటుబుక్ తీసుకుని ప్రతి పేజీలో మూడు గడులు గీయండి. మొదటి దానికి ‘విన్నది’ అని, రెండో దానికి ‘అనుకున్నది’ అని, మూడో దానికి ‘చూసింది’ అని పేరు పెట్టండి. పేజీ పైన ఊరి పేరు, తేదీ, టైము రాయండి. తెలుగులోనే రాయండి. తప్పులు పోతే పోనివ్వండి, దిద్దడానికి మేమున్నాం.

ఏం రాయాలి? మీ ఊళ్లో నీళ్లు ఎన్ని డిగ్రీల దగ్గర మరుగుతాయి? దీనికి బడిలో ఉండే థర్మామీటరే వాడాలి, పెద్దవాళ్లు పక్కన ఉండాలి. జ్వరం చూసే థర్మామీటరు వేడినీళ్లలో పెడితే పగిలిపోతుంది. పొట్టి నీడ ఎన్ని గంటలకు పడుతుంది? తడి చేతిరుమాలు నీడలో ఎంతసేపటికి ఆరుతుంది? అదే రుమాలు చెన్నైలో ఎంతసేపు, జోధ్‌పూర్‌లో ఎంతసేపు? ఇడ్లీ పిండి పులవడానికి ఎన్ని గంటలు పడుతుంది, చలికాలంలో ఎన్ని? అమ్మ పిండిగిన్నెను ఏ మూల పెడుతోంది, ఎందుకు? కిటికీ దగ్గరకు ఏయే పిట్టలొస్తున్నాయి? పాత ఊళ్లో వచ్చినవే వస్తున్నాయా?

మళ్లీ ఆర్డరు వచ్చినప్పుడు ఈ నోటుబుక్‌ను అట్టపెట్టెలో సర్దేయకుండా మీ చేతిసంచిలో పెట్టుకోండి. కొత్త ఊళ్లో మొదటి ఆదివారం కర్ర నిలిపి నీడ కొలవండి. పాత ఊరి అంకె పక్కనే కొత్త ఊరి అంకె రాయండి. రెండూ వేరుగా ఉంటే, ఎందుకో అడగడానికి కొత్త తరగతిలో మీ దగ్గర ఒక మంచి ప్రశ్న ఉన్నట్టే.